రుఖ్సత్ ఎవరి హక్కు?

మూడేళ్ళ క్రితం షాబాన్ నెలలో ఒక శుక్రవారం. కర్నూలు పాతబస్తీలో మేము జుమా చేయించే మస్జిద్‌లో నమాజు ముగిసి జనం వెళ్ళిపోతున్నారు. ఒక యువకుడు తమ్ముడి భుజం మీద చేయి వేసుకుని మా దగ్గరకు వచ్చి సలాం చేశాడు. పుట్టుకతోనే చూపు లేదు. ఖుర్ఆన్ మొత్తం కంఠస్థం చేసిన హాఫిజ్. ఒక రుకూ చదివి వినిపించమంటే వినిపించాడు. నిజం చెప్పాలంటే, ఆ తజ్వీద్ ముందు మా పారాయణం చిన్నబోయింది. మస్జిద్‌లో ముఅజ్జిన్ ఉద్యోగం ఖాళీగా ఉందని తెలిసి వచ్చాడు. అతని తల్లి గేటు బయట, చెప్పులు విడిచే చోట నిలబడి ఉంది.

కమిటీ పెద్దలు మా వైపు చూశారు. ఇమాం ఊరెళ్ళిన రోజున ముఅజ్జినే నమాజు చేయించాలి కదా, అంధుని ఇమామత్‌ను మన ఫిఖ్హ్ గ్రంథాల్లో మక్రూహ్ అన్నారు కదా అని మేము నసిగాము. వేళ ఎలా తెలుస్తుందని ముతవల్లీ సాబ్ అడిగారు. మెట్లెక్కి మైకు గదికి ఎలా వెళ్తాడని ఇంకొకరు అన్నారు. చివరకు మేమే అతని వీపు తట్టి, "బేటా, అల్లాహ్ నిన్ను మాజూర్‌గా పుట్టించాడు, ఈ భారమంతా నీకెందుకు? సబ్ర్ చెయ్యి, నీకు గొప్ప పుణ్యం ఉంది" అన్నాము.

"హజ్రత్, అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూం ఎవరు?" అని అడిగాడు. అంతే. మేము జవాబు వెతుక్కునేలోగా సలాం చెప్పి తమ్ముడితో వెళ్ళిపోయాడు.

ఆయన ఎవరో మాకు తెలియక కాదు. ఆ ముందు నెలలోనే సూరా అబస మీద మేము బయాన్ చేసి ఉన్నాము. ఖురైషు నాయకులతో మాట్లాడుతున్న సమయంలో ఒక అంధుడు వచ్చి ధర్మం నేర్పమని అడగడం, దైవప్రవక్త (స) ముఖం చిట్లించుకోవడం, దానిపై అల్లాహ్ తన ప్రవక్తనే మందలించడం అంతా కళ్ళకు కట్టినట్టు చెప్పాము. విన్నవారిలో కొందరు కన్నీళ్ళు పెట్టుకున్నారు. నెల తిరగకుండానే ఒక అంధుడు మా దగ్గరకు వచ్చి నిలబడితే అదే ముఖం చిట్లించుకున్నాము. మమ్మల్ని మందలించడానికి వహీ రాదు కదా!

పాఠక సోదర సోదరీమణులారా, ఈ వ్యాసం ఆ ప్రశ్నకు ఆలస్యంగా రాస్తున్న జవాబు. ఇందులో ప్రభుత్వ చట్టాల ప్రస్తావన వస్తుంది. ధార్మిక పత్రికలో చట్టాలెందుకని కొందరు అనుకోవచ్చు. అసలు ప్రశ్న ధార్మికమైనదే. వికలాంగునికి పని ఇవ్వడం మనం చూపే దయా, లేక అతనికి చెల్లించవలసిన హక్కా?

ముందు మాట సంగతి చూద్దాం. తెలుగులో వికలాంగులు అన్నాము, తర్వాత దివ్యాంగులు అన్నారు, మన రాష్ట్ర ప్రభుత్వ శాఖ విభిన్న ప్రతిభావంతులు అంటోంది. పేర్లు మారుతున్నాయి, ఆఫీసుల ముందు మెట్లు మాత్రం మారడం లేదు. మన ఇళ్ళలో వాడే ఉర్దూ మాట మాజూర్. అరబీలో ఉజ్ర్ అంటే సాకు, కారణం. మాజూర్ అంటే కారణం ఉన్నవాడు, మినహాయింపు పొందినవాడు. నిలబడలేనివాడు కూర్చుని నమాజు చేస్తాడు, కూర్చోలేనివాడు పడుకుని సైగలతో చేస్తాడు. ఇది అల్లాహ్ ఇచ్చిన రుఖ్సత్, అంటే సౌలభ్యం. ఇక్కడ మనం చాలామంది గమనించని ఒక సూక్ష్మం ఉంది. రుఖ్సత్ ఎవరికి ఇచ్చారో వారి చేతిలో ఉంటుంది. దాన్ని వాడుకోవాలా వద్దా అన్నది వారి నిర్ణయం. మూడో మనిషి వచ్చి, నీకు మినహాయింపు ఉంది కాబట్టి నువ్వు రావద్దు అంటే అది రుఖ్సత్ కాదు, నిషేధం. అల్లాహ్ ఇచ్చిన సౌలభ్యాన్ని మనం అడ్డుగోడగా మార్చడం.

హజ్రత్ అమ్ర్ బిన్ జమూహ్ (రజి) గారి వృత్తాంతం సీరత్ గ్రంథాల్లో ఉంది. ఆయన కాలు బాగా కుంటి. ఉహద్ యుద్ధం రోజున ఆయన నలుగురు కొడుకులు తండ్రిని ఆపారు. అల్లాహ్ మీకు మినహాయింపు ఇచ్చాడు, మేము వెళ్తున్నాము కదా, మీరు ఇంట్లో ఉండండి అన్నారు. కొడుకుల ప్రేమను శంకించలేము. ఆయన నేరుగా దైవప్రవక్త (స) దగ్గరకు వెళ్ళి ఫిర్యాదు చేశారు. ప్రవక్త (స) రెండు మాటలు చెప్పారు. ఆయనతో, అల్లాహ్ మిమ్మల్ని మినహాయించాడు, ఈ బాధ్యత మీమీద లేదు అన్నారు. కొడుకులతో, మీరు ఆయన్ని ఆపకపోతే మీకొచ్చిన నష్టమేమీ లేదు అన్నారు. అమ్ర్ (రజి) వెళ్ళారు, ఆ రోజే అమరులయ్యారు. మినహాయింపు నిలిచే ఉంది, నిర్ణయం మాత్రం ఆయనదే అయింది. ఆయన కుంటితనాన్ని కొడుకులు చూశారు, ఆయన కోరికను ప్రవక్త (స) విన్నారు.

హజ్రత్ ఇబ్నె ఉమ్మె మక్తూం (రజి) విషయంలో ఇది మరింత స్పష్టం. ధర్మపోరాటానికి వెళ్ళినవారు, వెళ్ళనివారు సమానం కాదన్న ఆయతు అవతరించినప్పుడు, నాకు చూపుంటే నేనూ వెళ్ళేవాణ్ణే అని ఆయన మొరపెట్టుకున్నారు. అప్పుడు వైకల్యం ఉన్నవారిని మినహాయించే పదం అవతరించిందని సహీహ్ బుఖారీలో ఉంది. అంటే ఆ మినహాయింపు ఆయన కారణంగా వచ్చింది. అయినా ఉమర్ (రజి) కాలంలో ఖాదిసియా యుద్ధరంగంలో ఆయన జెండా పట్టుకుని నిలబడ్డారని చరిత్రకారులు రాశారు. తన పేరు మీద వచ్చిన రుఖ్సత్‌ను తానే వాడుకోలేదు!

ఇక ఆయన ఉద్యోగం సంగతి. మదీనా మస్జిద్‌కు ఇద్దరు ముఅజ్జిన్లు. రమజాన్‌లో బిలాల్ (రజి) అజాన్ రాత్రి ఉండగానే అయ్యేది, దానికి సహరీ ఆపనక్కర్లేదు. ఇబ్నె ఉమ్మె మక్తూం (రజి) అజాన్ వినిపించాక ఆపాలి. ఒక్క క్షణం ఆలోచించండి. తెల్లవారిందని చూసి చెప్పవలసిన అజాన్, ఊరంతా అన్నం మీద నుంచి చేయి తీయవలసిన అజాన్, చూపులేని మనిషికి అప్పగించారు. చూపున్న బిలాల్‌కు రాత్రి అజాన్, చూపులేని ఆయనకు ఉదయపు అజాన్. మా ముతవల్లీ సాబ్ అడిగిన ప్రశ్నే, వేళ ఎలా తెలుస్తుంది అన్నది, మదీనాలో కూడా వచ్చి ఉండాలి. దానికి సమాధానం హదీసులోనే ఉంది. తెల్లవారింది, తెల్లవారింది అని జనం చెప్పేవరకు ఆయన అజాన్ పలికేవారు కాదు. ఉద్యోగం ఆయనది, చూపు జమాఅత్‌ది. ఆయన చేయలేని ఆ ఒక్క పనిని జమాఅత్ చేసి పెట్టింది, మిగతాదంతా ఆయనకే వదిలింది.

నేటి చట్టభాషలో దీనికొక పేరుంది. 2016 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులోకి వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం, వ్యక్తి అవసరాన్ని బట్టి తగిన సర్దుబాటు చేయాలని అంటుంది. ఎదుటివారిపై మోయలేని భారం పడనంతవరకు అవసరమైన మార్పు చేసి అతనికి ఇతరులతో సమానంగా అవకాశం ఇవ్వాలి. ఆ సర్దుబాటు నిరాకరించడం కూడా వివక్షే అవుతుంది. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన ఒప్పందంలోనూ ఇదే భావం ఉంది, మన దేశం 2007లో దాన్ని ధ్రువీకరించింది. ప్రపంచం దీన్ని ఇటీవల కనిపెట్టిందని అనుకుంటోంది. మన చేతిలో పద్నాలుగు శతాబ్దాలుగా ఉంది, అయినా మనం ఆచరించలేదు. గొప్పలు చెప్పుకోవడానికి ఇందులో ఏమీ లేదు. తెలిసి చేయనివాడి లెక్క తెలియనివాడి లెక్క కంటే కఠినం.

ఈ సర్దుబాటు మీద ఒక అభ్యంతరం వింటుంటాము. పని చేయగలవాణ్ణి వదిలి, ఇంకొకరి సాయం కావలసినవాణ్ణి పెట్టుకోవడం న్యాయమా అని. అలాగైతే మస్జిద్‌లో దీపాలు ఎవరికోసం? కరెంటు బిల్లు మొత్తం చూపున్నవారి కోసమే కడుతున్నాము, ఆ హాఫిజ్‌కు చీకట్లోనూ ఖుర్ఆన్ వస్తుంది. మైకు, ఫ్యాన్లు, మోకాళ్ళ నొప్పి పెద్దలకు వేసిన కుర్చీలు, ఇవన్నీ సర్దుబాట్లే. ఎక్కువమందికి చేసినప్పుడు వాటిని సౌకర్యం అంటాము. ఒక్కడికి చేయాల్సి వస్తే ఖర్చు అంటాము.

చట్టం ఏమి ఇస్తుందో మన ఇళ్ళలో చాలామందికి తెలియదు కనుక కొంచెం చెబుతాము. 1995 నాటి మొదటి చట్టంలో ప్రభుత్వ ఉద్యోగాల్లో 3 శాతం వికలాంగులకు కేటాయించారు. 2016 చట్టం దాన్ని 4 శాతం చేసింది. చూపు సమస్య ఉన్నవారికి ఒక శాతం, వినికిడి లోపం ఉన్నవారికి ఒక శాతం, శారీరక కదలికల లోపం ఉన్నవారికి ఒక శాతం. నాలుగోది బుద్ధిమాంద్యం, ఆటిజం, మానసిక రోగం వంటివి ఉన్నవారికి, ఒకటికి మించి వైకల్యాలున్న వారికి కలిపి. వైకల్యాల జాబితా 7 నుంచి 21కి పెరిగింది. రిజర్వేషనుకు కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం కావాలి. మన రాష్ట్రంలో దాన్ని సదరం సర్టిఫికెట్ అంటాము. ఉన్నత విద్యలో 5 శాతం సీట్లు. ప్రభుత్వోద్యోగి ఉద్యోగంలో ఉండగా ప్రమాదంలోనో జబ్బుతోనో వికలాంగుడైతే అతణ్ణి తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పని చూపాలి. ఈ చివరి నిబంధన తెలియక ఎన్ని కుటుంబాలు నోరు మూసుకుని రాజీనామా రాసి ఇచ్చాయో!

చట్టం వచ్చినంత మాత్రాన తలుపులు తెరుచుకోలేదు. 1995 చట్టం కింద, వికలాంగులు చేయగల పోస్టులు ఇవీ అని ప్రభుత్వమే ముందు గుర్తించేది, 3 శాతాన్ని ఆ కొద్ది పోస్టులకే లెక్కించేది. 2013 అక్టోబరు 8న సుప్రీంకోర్టు, మొత్తం ఖాళీల మీద లెక్కించాలని తీర్పు చెప్పింది. అప్పటికి చట్టం వచ్చి పద్ధెనిమిదేళ్ళు. అతను ఏమి చేయగలడో అతణ్ణి అడగకుండా మనమే తేల్చేయడం అనే జబ్బు కమిటీలకే కాదు, ప్రభుత్వాలకూ ఉంది. మధ్యప్రదేశ్‌లో న్యాయాధికారుల నియామక నిబంధనలు చూపు లేనివారిని అసలు పరిగణనలోకే తీసుకోకుండా మినహాయించాయి. చూపులేని ఒక అభ్యర్థి తల్లి ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరం రాసింది. ఆ ఉత్తరాన్నే కేసుగా తీసుకున్న సుప్రీంకోర్టు 2025 మార్చి 3న ఆ నిబంధనను కొట్టివేసింది. గేటు దగ్గర నిలబడ్డ తల్లి మాకు గుర్తొచ్చింది.

మన తెలుగువారిలో బొల్లా శ్రీకాంత్ పేరు చాలామంది విని ఉంటారు. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో చూపు లేకుండా పుట్టాడు. పదో తరగతి తర్వాత సైన్సు చదువుతానంటే అంధులకు ఇవ్వము అన్నారు. కోర్టుకెళ్ళి సాధించుకుని ఇంటర్ చదివాడు. అమెరికాలోని ఎంఐటీకి వెళ్ళి చదువు పూర్తిచేసి తిరిగి వచ్చి, 2012లో హైదరాబాదులో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టి వికలాంగులకు ఉపాధి చూపాడు. అతని మీద సినిమా కూడా వచ్చింది. సంతోషమే. కానీ సైన్సు పుస్తకం ముట్టుకోవడానికి ఒక పిల్లవాడు కోర్టు మెట్లు ఎందుకు ఎక్కాలి? కోర్టుకు వెళ్ళలేని పిల్లలు ఎక్కడున్నారు? 2011 జనాభా లెక్కల్లో దేశంలో 2 కోట్ల 68 లక్షలమంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 22 లక్షలకు పైగా వికలాంగులు ఉన్నారు. వారందరూ శ్రీకాంత్‌లు కానక్కర్లేదు. ఒక మామూలు మనిషికి దొరికే మామూలు పని దొరికితే చాలు.

ఇప్పుడు మన వాకిట్లోకి వద్దాం. ఆ 4 శాతం ప్రభుత్వ ఉద్యోగాలకు మాత్రమే. ప్రైవేటు యజమానులు తమ సిబ్బందిలో కనీసం 5 శాతం వికలాంగులను తీసుకునేలా ప్రభుత్వం ప్రోత్సాహకాలు ఇవ్వాలని చట్టం చెబుతుందే కానీ యజమానిని నిర్బంధించదు. కర్నూలు, ఆదోని, నంద్యాల, కడపల్లో మన సముదాయం బతుకంతా ఎక్కడుంది? కుట్టుమిషన్లలో, మెకానిక్ షెడ్లలో, పంక్చర్ షాపుల్లో, బేకరీల్లో, పండ్ల బండ్లలో. అక్కడికి ఏ రిజర్వేషనూ రాదు. బేతంచెర్ల వైపు నాపరాళ్ళ పనిలో వేళ్ళు, చేతులు నలిగినవాడికి యజమాని నాలుగు రోజుల ఆస్పత్రి ఖర్చు ఇచ్చి పంపేస్తే, అదే జీతంతో వేరే పని చూపమనే నిబంధన అతనికి వర్తించదు. చట్టం ఆగిన చోట యజమాని ఈమాన్ పని మొదలవ్వాలి. ఐదు వేళ్ళూ బాగున్నప్పుడు పదేళ్ళు చాకిరీ చేయించుకుని, రెండు వేళ్ళు పోగానే సదఖా చేతిలో పెట్టి సాగనంపడాన్ని దానం అంటారా? అతని బాకీలో కొంత తీర్చి, ఆ కొంతకు పుణ్యం ఆశించడం అది.

శుక్రవారం మన మస్జిద్‌ల ముందు, ఉర్సు రోజుల్లో కడప పెద్ద దర్గా దారిలో వికలాంగులు వరుసగా కూర్చుంటారు. మనం వంగి నాణెం వేస్తాము. అది తప్పని మేము అనడం లేదు. కానీ వారిని మనం లోపల, సఫ్‌లో ఎప్పుడు చూశాము? వుజూఖానాకు ఉన్న మూడు మెట్లు ఎక్కలేక బయట కూర్చున్నవాడికి మెట్ల మీద నుంచే సదఖా వేస్తున్నాము. ఖుత్బా వినిపించని బధిరుడు గంటసేపు మా పెదవుల వైపు చూసి లేచి వెళ్తాడు. అతనికి నాలుగు మాటలు సైగల్లో చెప్పే మనిషిని తయారు చేసుకోవాలని మాకు ఈ మధ్యవరకు తోచలేదు. ఆదాయమంటూ ఏమీ లేని ఒక అన్సారీ సహాయం అడగడానికి వస్తే ప్రవక్త (స) అతని ఇంట్లోని గుడ్డను, గిన్నెను వేలం వేయించి, ఆ డబ్బులో కొంతతో గొడ్డలి కొనిపించి, తన చేతులతో పిడి తొడిగి కట్టెలు కొట్టుకోమని పంపిన సంఘటన మనం తరచూ చెప్పుకుంటాము. బిచ్చగాళ్ళను విసుక్కునేటప్పుడు చెప్పుకుంటాము! అందులో గొడ్డలికి పిడి తొడిగిన చేయి ఎవరిదో మరచిపోతాము.

సబ్ర్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మేము ఆ హాఫిజ్‌కు చెప్పిన చివరి మాట అదే. మూర్ఛరోగం ఉన్న ఒక స్త్రీ ప్రవక్త (స) దగ్గరకు వచ్చింది. సహనం వహిస్తే స్వర్గం, లేదా స్వస్థతకు దుఆ చేస్తాను అని ఆయన చెబితే ఆమె సహనాన్నే ఎంచుకుంది. అక్కడితో ఆగలేదు. మూర్ఛ వచ్చినప్పుడు నా ఒంటి మీద బట్ట తొలగుతోంది, అలా కాకుండా దుఆ చేయండి అంది. ఆయన చేశారు. జబ్బును సహించడానికి ఆమె సిద్ధమే. నలుగురిలో పరువు పోవడాన్ని సహించనంది, ప్రవక్త (స) ఆమెను సబ్ర్ చెయ్యమని కసరలేదు. అల్లాహ్ పంపిన పరీక్షకు సబ్ర్ చేయమనవచ్చు. మన నిర్లక్ష్యానికి సబ్ర్ చేయమని చెప్పే అధికారం మనకు ఎవరిచ్చారు? ఈ హదీసును ఇబ్నె అబ్బాస్ (రజి) నుంచి విని మనకు అందించినవారు అతా బిన్ అబీ రబాహ్ (రహ్మలై). ఆయన స్వయంగా కుంటివారు, చేయి చచ్చుబడినవారు, చివరి కాలంలో చూపు కోల్పోయినవారు. హజ్ రోజుల్లో మక్కాలో ఆయన తప్ప మరొకరు ఫత్వా ఇవ్వరాదని ఉమయ్యద్ పాలకులు చాటింపు వేయించేవారు.

మన ఇళ్ళ తప్పు కూడా ఒకటి చెప్పకుండా ఉండలేము. 2024 జులై నుంచి రాష్ట్రంలో వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు, పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి 15,000. పేద ఇంటికి ఇది పెద్ద ఆసరా, అల్లాహ్ దీన్ని నిలబెట్టుగాక. అయితే పింఛను పోతుందేమో అన్న భయంతో పిల్లవాణ్ణి పనికి పంపని తల్లిదండ్రులను చూశాము. శాతం పెంచి రాయించుకోవడానికి డబ్బు ఇచ్చినవారి గురించీ విన్నాము. లేని వైకల్యం ఉందని కాగితం పుట్టించడం అబద్ధపు సాక్ష్యం, లంచం, పైగా హుఖూఖుల్ ఇబాద్. ప్రభుత్వం క్షమించినా ఎవరి వంతు తిన్నామో ఆ మనిషి క్షమించాలి. ఆ మనిషి ఎవరో కూడా మనకు తెలియదు. 2025లో పింఛన్లను మళ్ళీ పరీక్షించినప్పుడు నడవలేని ముసలివారిని సైతం ఆటోల్లో ఆస్పత్రులకు తిప్పవలసి వచ్చింది. ఆ తిప్పటలో దొంగ కాగితాల పాపం ఎంతో కొంత ఉంది.

మరో తప్పు మదర్సాల్లో చదివిన మాలాంటివారిది. చూపులేని పిల్లవాణ్ణి హిఫ్జ్‌లో చేర్చి మెచ్చుకుంటాము, పదో తరగతి చదివించము, బ్రెయిలీ నేర్పించము. ఓపెన్ స్కూలులో పరీక్ష రాయించవచ్చు, రాసిపెట్టే సహాయకుణ్ణి ఇస్తారు. సర్టిఫికెట్ లేనివాడికి 4 శాతంలో చోటు లేదు. ముఅజ్జిన్ ఉద్యోగం తప్ప ఇంకో దారి లేకుండా పెంచి, ఆ ఉద్యోగం కూడా ఇవ్వము.

ఆ హాఫిజ్ వెళ్ళాక మేము గ్రంథాలు మళ్ళీ తీశాము. హిదాయాలో అంధుని ఇమామత్ మక్రూహ్ అని ఉన్నమాట నిజం. కారణం, బట్టలకు అంటిన మాలిన్యం అతనికి కనబడకపోవచ్చని. కానీ హనఫీ పండితులే, అక్కడున్నవారిలో అతనే ఎక్కువ తెలిసినవాడైతే ఆ అయిష్టత లేదని వివరించారు. ప్రవక్త (స) మదీనా వదిలి వెళ్ళేటప్పుడు ఇబ్నె ఉమ్మె మక్తూంను తన స్థానంలో నిలిపారు, ప్రజలకు నమాజు చేయించింది ఆయనే. ఇదంతా మేము చదువుకున్నదే. పై వాక్యం చెప్పి కింది వాక్యం మింగేశాము. మక్రూహ్ అన్నది ఇమామత్ గురించి, అతను అడిగింది అజాన్ పని.

కమిటీతో మళ్ళీ మాట్లాడాము. అప్పటికే వేరే ముఅజ్జిన్‌ను పెట్టుకున్నారు, మంచి మనిషే, అతణ్ణి తీసేయమనడం ఇంకో అన్యాయం. వుజూఖానా మెట్ల పక్కన ర్యాంపుకు ఒప్పుకున్నారు. దానికి జకాత్ సొమ్ము వాడరాదు, మస్జిద్ నిధి నుంచే కట్టారు. తొమ్మిది వేలు అయింది. మొదటి జుమాకే దాని మీద మూడు చక్రాల బండి ఒకటి, తోపుడు కుర్చీలో ఒక ముసలాయన, పిల్లల్ని ఎత్తుకున్న ఇద్దరు తండ్రులు వచ్చారు.

ఈ వ్యాసం రాసే ముందు ఆ హాఫిజ్ నంబరు సంపాదించి ఫోన్ చేశాము. కడప వైపు ఒక పల్లెలో పిల్లలకు ఖుర్ఆన్ చెబుతున్నాడు. మేము తప్పు ఒప్పుకుని మాఫీ అడిగాము. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మాఫీ ఎప్పుడో చేశాను హజ్రత్. మీ మస్జిద్‌లో మళ్ళీ ఖాళీ వస్తే చెప్పండి. మా అమ్మ కర్నూలులో ఒక్కతే ఉంది" అన్నాడు.